చెప్పుల దగ్గర అమ్మ

మా నాయనకు పూతలపట్టు కూడలిలో ఒక ఫ్యాన్సీ స్టోరు ఉండేది. స్టోరు అన్నది ఆయన బోర్డు మీద రాయించుకున్న మాట. నిజానికి దాని వెడల్పు ఎంతంటే, పొరపాటున లోపలికి దూరిన మేక వెనక్కి తిరగలేక తోక ముందు పెట్టుకుని నడిచి బయటికి రావాల్సిందే. ఆ సందులో గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు, తాళంకప్పలు, బెలూన్లు, పిప్పరమెంట్లు, ఎలుకల మందు, వీటన్నిటి మధ్యా మా నాయన. జీవితమంతా ఆయన సన్నగానే ఉన్నాడు. చూసినవాళ్ళు ఆరోగ్యం అనేవాళ్ళు. అది ఆరోగ్యం కాదు, అంగడి.

డిసెంబరు వస్తే ఆ అంగడికి స్టార్లు కావాలి. చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవుల ఇళ్ళు చాలానే ఉన్నాయి. పండగ నెలలో ప్రతి ఇంటి ముందూ ఒక వెదురు గడ, గడకు ఒక కాగితపు స్టారు, స్టారు కడుపులో ఒక బల్బు. ఆ సరుకు తేవడానికి నాయన చిత్తూరు బజారుకు పోయేవాడు. పోతూ మమ్మల్నీ వెంటబెట్టుకుపోయేవాడు. మేము గోవిందా అంటూ నిద్రలేచే ఇంటివాళ్ళం. ధనుర్మాసపు ముగ్గులో గుమ్మడిపూవు పెట్టి, ఆ చేతులు కడుక్కుని, క్రిస్మస్ చూడ్డానికి బస్సెక్కేవాళ్ళం. ఇందులో వింతేముందో మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. స్టార్లు అమ్మేవాళ్ళకు స్టార్లంటే ముచ్చట ఉండదా?

పూతలపట్టు నుంచి చిత్తూరు బస్సులో ఒక కునుకు తీసేంత దూరం. కానీ అమ్మ కట్టే మూటలు చూస్తే, దారిలో బస్సు చెడిపోయి మేము ఆరు నెలలు అడవిలో కాపురం పెట్టబోతున్నామని ఎవరైనా అనుకోవాల్సిందే. చిత్రాన్నం, ఉద్దివడలు, పెరుగన్నం, అందులోకి ఊరగాయ, ఊరగాయ కారమైతే నోట్లో వేసుకోవడానికి బెల్లం, బెల్లానికి చీమలు పడితే దులుపుకోవడానికి ఒక గుడ్డ. తినేది ముగ్గురం. నేను ఒక్కగానొక్క కొడుకును. ఆ మూటల్ని మోసే పని కూడా ఆ ఒక్కగానొక్క కొడుకుదే.

బజారులో నాయన స్టారు కొనడం ఒక నాటకం. స్టారును విప్పి, ఉబ్బించి, దాని లోపలికి తల దూర్చి, ఎక్కడైనా చిల్లుందేమోనని వెలుతురుకేసి తిరిగేవాడు. దూరం నుంచి చూసేవాళ్ళకు పంచె కట్టుకున్న నక్షత్రం ఒకటి బజారులో పచార్లు చేస్తున్నట్టుండేది.

"ఏందప్పా, పెండ్లికూతుర్ని చూసినట్టు చూస్తా ఉండావు? కాగితమే గదా!" అని విసుక్కునేవాడు టోకు అంగడాయన.

"కాగితమే లే అప్పా. నా అంగడి మర్యాదంతా ఈ కాగితంలోనే ఉండాది," అని లోపలినుంచి జవాబొచ్చేది.

అమ్మ ఆయనకంటే గట్టి మనిషి. స్టారును తాకేది కాదు. రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి, "ఇది నవ్వడం లేదు," అనేది. అంతే. ఆ స్టారు పక్కకు పోవాల్సిందే. స్టారు నవ్వడమేమిటో టోకు అంగడాయనకు చివరిదాకా అర్థం కాలేదు. కానీ అమ్మ ఏరిన స్టార్లు మా అంగడిలో ఒక్కటి మిగిలేది కాదు.

కొనడం అయ్యాక చూడడం. ఊళ్ళో చర్చీలన్నీ తిరిగేవాళ్ళం. చిత్తూరులో మంచు ఎప్పుడూ కురవలేదు, కురిసే ఉద్దేశం కూడా దానికి లేదు. అయినా వేపచెట్లకు దూది అతికించి మంచు అని నమ్మించేవాళ్ళు. ఒక చర్చి ఆవరణలో అంత దూది చూసి, చిత్తూరు జిల్లాలో ఆ ఏడు ఇక పరుపులు కుట్టేవాళ్ళకు పని లేదనుకున్నాను. రంగు బల్బులు చెట్టు మొదట్లో పుట్టి కొమ్మ చివరికి పరిగెత్తి, మళ్ళీ ఏదో మరిచిపోయినట్టు మొదటికి వచ్చేవి. అమ్మ వాటి కింద నిలబడి తల ఎత్తి చూసేది. ఆ రంగులన్నీ ఆమె ముఖం మీద పరిగెత్తేవి.

అన్నిటికన్నా చివర్న, రాళ్ళతో కట్టిన పాత చర్చిలో పాక. క్రిస్మస్ పాక అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: బాలయేసు పశువుల కొట్టంలో పుట్టాడు కాబట్టి, ఆ కొట్టాన్ని బొమ్మలతో కడతారు. గడ్డి కప్పు, కింద తొట్టి, తొట్టిలో పసిబిడ్డ బొమ్మ, పక్కన తల్లి, తండ్రి, కాపరులు, కానుకలు తెచ్చిన ముగ్గురు జ్ఞానులు. ఆ చర్చి పాకలో ఒంటెలు కుక్కలంత, గొర్రెలు ఒంటెలంత ఉండేవి. దారానికి వేలాడదీసిన దేవదూత గాలికి గిరగిరా తిరిగి, ఒక్కోసారి కాపరుల నెత్తిన కాలు మోపేది. మా వైపు బెల్లానికి పేరు కాబట్టి ఎవరో భక్తుడు గడ్డి మీద బెల్లం గానుగ బొమ్మ కూడా పెట్టాడు.

ఆ పాక దగ్గరికి మాత్రం అమ్మ వచ్చేది కాదు. బయట మెట్ల దగ్గర చెప్పులు విడిచే చోట ఆగిపోయేది.

"మీరు పోయి రాండి. నేను చెప్పులు చూసుకుంటా."

మా చెప్పుల సంగతి చెప్పాలి. నాయన చెప్పులకు అతుకులు వేసి వేసి, అసలు చెప్పు ఏనాడో జారిపోయి అతుకులే మిగిలాయి. నా చెప్పులకు తోలు వారు బదులు పురికొస. వాటిని ఏ దొంగైనా ఎత్తుకుపోయి ఉంటే, వాడి దరిద్రం చూసి మేమే వెంటబడి ఇంకో జత కొనిచ్చేవాళ్ళం. అలాంటి చెప్పులకు అమ్మ బ్యాంకు దగ్గర తుపాకీ పట్టుకున్న మనిషిలా కాపలా కాసేది. పాక వైపు వీపు పెట్టి, రోడ్డు వైపు చూస్తూ.

"రా మా, బిడ్డ ఎంత బాగుండాడో చూద్దువు," అని నేను చెయ్యి పట్టుకుని లాగితే, నాయన నా చెయ్యి విడిపించేవాడు.

"ఆమెను ఆడ కూచోనీ లే రా."

నేను అమ్మకు చెప్పుల మీద అంత ప్రేమ అనుకుని ఊరుకున్నాను. ఊళ్ళో అందరికీ చెప్పి నవ్వాను కూడా.

తిరుగు బస్సులో స్టార్ల కట్ట టాపు మీద. గాలికి ఒకటో రెండో విప్పుకుని, ఉబ్బి, మా వెనకాల ఎగురుతూ వచ్చేవి. తోకచుక్కలా వెళ్ళిన బస్సు మా రూట్లో అదొక్కటే. అమ్మ ఒడిలో మాత్రం క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే గాజు బుడగల పెట్టె. పూతలపట్టు దాకా దాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకునేది. కండక్టరు, "ఏం తల్లీ, పొదుగుతా ఉండావా ఏంది?" అన్నాడొకసారి. బస్సంతా నవ్వింది. అమ్మ నవ్వలేదు. నాయన కిటికీలోంచి బయటికి చూశాడు.

తర్వాత ప్లాస్టిక్ స్టార్లొచ్చాయి. అవి చిరగవు, ఏడాదికేడాది పనికొస్తాయి. కాబట్టి అంగడికి పనికిరావు. నాయన అంగడి మూశాడు, మూసిన కొన్నేళ్ళకు పోయాడు. ఆ సందులో ఇప్పుడెవరో ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నారు. ఆ కుర్రవాడు కూడా సన్నగానే ఉన్నాడు.

స్టార్లు కొనే పని లేకపోయినా, డిసెంబరులో చిత్తూరు పోవడం మేము మానలేదు. ఇప్పుడు కారులో. నేను, మా ఆవిడ, తిరుపతిలో చదువుకునే మా అమ్మాయి, అమ్మ. మా అమ్మాయి దృష్టిలో చిత్తూరు క్రిస్మస్ ఒక క్రిస్మస్సే కాదు. తిరుపతిలో పెద్ద బట్టల షాపుల ముందు ఒక పక్క గోవిందనామాలు, ఇంకో పక్క ఎర్రటోపీ తాత, మధ్యలో తగ్గింపు ధరల బోర్డు. ఆ వైభవం చూసిన కళ్ళకు చిత్తూరు ఆనుతుందా? అయినా అవ్వ కోసం వచ్చేది.

అవ్వకు అప్పటికి మతిమరుపు మొదలైంది. మొదట్లో దాన్ని కూడా మేము నవ్వులాటగానే తీసుకున్నాం. దోశ తిని చెయ్యి కడుక్కుని వచ్చి, "ఈ ఇంట్లో మనిషికి టిపను పెట్టే రివాజు లేదా?" అని నిలదీసేది. మా ఆవిడ ఇంకో దోశ వేసేది. ఒక పొద్దున ఆ లెక్కన ఊరందరికీ సరిపడా పిండి ఖాళీ అయింది. ఆ తర్వాత నన్ను చూసి, "అంగడి మూసినావా?" అని అడగడం మొదలుపెట్టింది. నేను నాయననయ్యాను. మూసినాను అనేవాణ్ణి. తిరుపతిలో డాక్టరు చెప్పిందేమంటే, ఈ జబ్బు బీరువాను పై అర నుంచి ఖాళీ చేస్తుందట. కొత్తవి ముందు పోతాయి. అడుగున దాచినవి చివర్న పోతాయి.

అడుగున ఏం దాచిందో ఆ డిసెంబరులో తెలిసింది.

పండగకు ఇంకా వారం ఉందనగా వెళ్ళాం. మామూలుగానే బజారు తిరిగాం. మా ఆవిడ చీరల అంగడిలో మడతపెట్టి ఉన్న ప్రతి చీరనూ విప్పించి, విప్పిన దాన్ని వదిలి మడతలో ఉన్నదాన్ని కొంది. తర్వాత చర్చీలు. చివర్న ఆ రాతి చర్చి. మెట్ల దగ్గర చెప్పులు విడిచాం. నేను అలవాటు కొద్దీ, "నువ్వీడ కూచో మా," అన్నాను.

అమ్మ నా వైపు చూసింది, ఎవరితో మాట్లాడుతున్నాడో ఈ మనిషి అన్నట్టు. చెప్పులు విడిచింది. మెట్లెక్కింది. తిన్నగా పాక దగ్గరికి నడిచింది. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచి ఎన్నడూ పోని చోటికి, రోజూ పోయే వంటింట్లోకి పోయినట్టు పోయింది. ఎందుకు పోకూడదో ఆమె మరిచిపోయింది.

పాకలో అంతా ఉన్నారు. తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, ఒంటెలున్నాయి, గొర్రెలున్నాయి. తొట్టిలో గడ్డి మాత్రమే ఉంది.

"బిడ్డ యాడ?" అంది అమ్మ.

చర్చి ఊడ్చే ఒక పెద్దావిడ చీపురు ఆపి, దగ్గరికొచ్చింది. "ఇంకా రాలేదక్కా. ఈడ అట్లే పద్ధతి. ఇరవై నాలుగో తేదీ రాత్రి పూజలో తెచ్చి పడుకోబెడతారు. అంతవరకూ తొట్టి ఖాళీనే."

చిన్నప్పుడు మేము పండగకు ముందే, స్టార్లు కొనేటప్పుడే వచ్చేవాళ్ళం గదా, మరి అప్పుడు బిడ్డను ఎలా చూశాను అని మీరడగొచ్చు. నేనూ అదే ఆలోచించాను. వెనకటి రోజుల్లో ఇంత పట్టింపు ఉండేది కాదేమో, పాక కట్టిన నాడే బిడ్డనూ పెట్టేవాళ్ళేమో.

"ఇంకా రాలేదా," అంది అమ్మ. ముఖం విప్పారింది. "వస్తాడా?"

"వస్తాడక్కా. ఖచ్చితంగా వస్తాడు."

"సూసినావా?" అని అమ్మ నా వైపు తిరిగింది. "వస్తాడంట. నువ్వేమో పోయినాడని చెప్తివి."

నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పింది నాయన అయ్యుండాలి. ఎన్నో ఏళ్ళ కిందట, పలమనేరులో.

మా అమ్మాయి పుట్టినప్పుడు నాకు ఈ సంగతి తెలిసింది. ఆసుపత్రి బయట టీ బంకు దగ్గర నిలబడి ఉన్నాం. అది చలికాలమే. నాయన గ్లాసు ఊదుకుంటూ, రేపు వానొచ్చేటట్టుంది అన్నంత మామూలుగా అన్నాడు: "నీ వెనక ఒక పిల్లోడు పుట్టినాడు. మీయమ్మ పురుటికి పలమనేరు పోయింది. ఆడ చలి జాస్తి. ఈ లోకంలో నిలబడలేకపోయినాడు. మీయమ్మ దగ్గర ఈ మాట ఎప్పుడూ ఎత్తొద్దు." టీ తాగి గ్లాసు పెట్టేశాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ పిల్లవాడు పేరు పెట్టకముందే పోయాడు. ఫొటో లేదు. అంత పసివాళ్ళకు కర్మకాండలు లేవు కాబట్టి తద్దినమూ లేదు. మా ఇంటికి వాడు ఒక్కసారి కూడా రాలేదు. అమ్మ నిండు కడుపుతో పుట్టింటికి వెళ్ళి, వట్టి చేతులతో తిరిగొచ్చింది. ఆ తర్వాత ప్రతి డిసెంబరులోనూ స్టార్లు ఏరింది, దీపాల కింద నిలబడింది, పాక దగ్గరికి వచ్చేసరికి మెట్ల దగ్గర మాకు వీపు తిప్పి కూర్చుంది. నేను చెప్పుల ప్రేమ అనుకున్నది ఇది.

ఆ రోజు ఇంటికొచ్చాక అమ్మ మనిషే మారిపోయింది. పొద్దున తిన్న దోశను మధ్యాహ్నానికి మరిచిపోయే మనిషి, బిడ్డ వస్తాడన్న మాట మాత్రం మరవలేదు. తెల్లారి లేస్తూనే, "వచ్చినాడా?" రోడ్డు మీద ఆటో ఆగితే, "వచ్చినాడా?" పాలవాడు గేటు తీస్తే వాడి క్యాను లోపలికి తొంగి చూసింది. ఇన్నాళ్ళూ వద్దు పొమ్మన్న జడ వేయించుకుంది. ముద్ద ముద్దకూ బతిమాలించుకునే మనిషి, "బాలింతను గదా, నేను తినకపోతే వాడికి పాలెట్లా?" అని కంచం ముందుకు జరిపింది. పాత నూలు చీరలు వెతికి, మెత్తటివి ఏరి, పొత్తిగుడ్డలకని చించింది. మూడు తరాల పిల్లలకు సరిపోయేన్ని చించింది. చించేందుకు పాతవి అయిపోయి, మా ఆవిడ చిత్తూరులో కొన్న కొత్త చీర మీద ఆమె చూపు పడినప్పుడు, మా ఆవిడ దాన్ని పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. నేను నవ్వాను. నా వెంట అమ్మాయి నవ్వింది. వీధిలో నిలబడి మా ఆవిడా నవ్వింది. తర్వాత ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

నాకున్న భయం ఒక్కటే. అది సున్నపు బొమ్మ. దాన్ని చూసి అమ్మ తన బిడ్డే అనుకుంటే, ఎత్తుకుని ఇవ్వనంటే, పండగ జనంలో ఆమె చేతుల్లోంచి దాన్ని ఎవరు లాగాలి? నేనే లాగాలి. ఒకసారి ఒడిలోంచి పోయినవాణ్ణి రెండోసారి కొడుకు చేతుల్తో లాగించాలా? వద్దు, తీసుకుపోవద్దు, నాలుగు రోజులుంటే మరిచిపోతుంది అన్నాను.

"మరిచిపోతాదా?" అంది మా ఆవిడ. "ఇన్నేండ్లూ ఆమె మరిచిపోయింది ఏమన్నా ఉంటే అది మనల్ని. వాణ్ని కాదు. మాట ఇచ్చినారు గదా వస్తాడని. పిల్చుకోని పోదాం."

"నాన్నా, ఫోన్లో చూపిస్తే సరిపోదా?" అంది అమ్మాయి. ఎక్కడిదో పాక ఫొటో తీసి అవ్వకు చూపించింది కూడా.

అమ్మ ఫోనును దూరంగా పట్టుకుని చూసి, తిరిగిచ్చేసింది. "ఫోన్లో పుట్టినోడు నాకెందుకు పాపా?"

పండగ మరునాడు వెళ్ళాం. జనం తిరుపతిలో ఉచిత దర్శనం క్యూను చిత్తూరుకు పొరపాటున పంపినట్టున్నారు. అమ్మ మూటతో వచ్చింది. అందులో పొత్తిగుడ్డలు. కారులో దారంతా దాన్ని ఒడిలో పెట్టుకుని, గుంత వచ్చిన ప్రతిసారీ, "మెల్లిగా పోనీ రా," అంది. చర్చి ఊడ్చే పెద్దావిడ అమ్మను గుర్తుపట్టింది. "వచ్చినావా అక్కా! రా, రా. బిడ్డ వచ్చేసినాడు," అని జనాన్ని పక్కకు జరిపి దారి చేసింది.

అమ్మ పాక ముందు నిలబడింది. నేను ఆమె వెనకే, రెండు చేతులూ సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డాను. ఆమె ముందు తల్లి బొమ్మను చూసింది.

"పచ్చి బాలింతను మోకాళ్ళ మీద కూచోబెట్టినారే! నడుము పట్టుకోని పోతాది. చెట్లకంతా దూది పెట్టినారు, ఆ పిల్ల చెవిలో రోంత దూది పెట్టేదానికి మీకు చేతులు రాలేదా?"

జనం నవ్వారు. అమ్మ జ్ఞానుల వైపు తిరిగింది. "ఈ గడ్డాలోళ్ళకేం పని ఈడ? పురిటింట్లోకి మొగోళ్ళు వచ్చేదేంది, సిగ్గు లేకుండా?"

ఇంకా నవ్వారు. ఎవరో ఫోన్లో తీస్తుంటే మా అమ్మాయి వెళ్ళి ఆ ఫోనుకు అడ్డంగా నిలబడింది.

అప్పుడు అమ్మ వంగి తొట్టిలోకి చూసింది. చాలాసేపు చూసింది. చెయ్యి చాచలేదు. ఆ బొమ్మ గులాబి రంగులో, నీలం కళ్ళతో, బంగారు ఉంగరాల జుట్టుతో నవ్వుతూ ఉంది.

"ఎవురి బిడ్డ ఈడు?"

"అందరి బిడ్డ అక్కా," అంది పెద్దావిడ.

"అందరి బిడ్డేంది? తల్లి ఆడే కూచోనుంటే." అమ్మ నిటారుగా లేచి, నా ముఖంలోకి చూసింది. ఆ క్షణంలో నేను నాయనను కాదు, ఎవరో కాదు, నేనే. "రేయ్, ఈడు మనోడు కాదు రా. మనోడు నల్లోడు. తలనిండా జుట్టు వాడికి, నుదురు మీదికి పడేది. ఈడు దొరబిడ్డ మాదిరి ఉండాడు. మనోడు యాడ?"

నోటికొచ్చినట్టు అబద్ధాలు అల్లగలిగేవాణ్ణి. ఇంకా రాలేదని అనొచ్చు. అంటే రేపటినుంచి మళ్ళీ అడుగుతుంది. జడ వేయించుకుంటుంది. అన్నం తింటుంది. పాలవాడి క్యానులోకి చూస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె నన్ను నన్నుగా చూసి అడిగింది. అలా అడిగి ఎన్నాళ్ళయిందో.

"పలమనేరులోనే ఉండిపోయినాడు మా."

అమ్మ చేతిలో మూటను సర్దుకుంది. వెనకాల జనం తోసుకుంటున్నారు.

"అవును," అంది. "ఊపిరి పోయేటప్పుడు నేనే గదా ఎత్తుకోనుండింది."

మూట విప్పలేదు. పెద్దావిడ చేతిలో పెట్టింది. "ఈ పిల్లకు ఇయ్యి. బిడ్డకు మారుస్తా ఉండాల," అంది. తనే ముందు నడిచి మెట్లు దిగింది.

తర్వాత బజారుకు కూడా వెళ్ళాం. వెళ్ళకుండా ఉండాల్సింది, కానీ ఇంటికి పోయి ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. చీరల అంగడిలో అమ్మను కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అంగడాయన ఆమె ముందు చీరలు పరిచాడు. అమ్మ ప్రతిదానికీ, "బాగుండాది నాయనా," అంది. ఏదీ నవ్వడం లేదని ఒక్కదాన్నీ పక్కకు తొయ్యలేదు. మా ఆవిడ కూడా ఆ రోజు ఏ మడతా విప్పించలేదు. మొదట చూపించినదే తీసుకుంది.

మరునాడు పొద్దున అమ్మ లేచి, ఏమీ అడగలేదు. రోడ్డు మీద ఆటో ఆగింది, ఆమె అటు చూడలేదు. పాలవాడు క్యాను మూత తెరిచి, అలవాటుగా ఆమె ముందు కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ వాడి వైపు చూసి మర్యాదగా తల ఊపింది. వాడు మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు. జడ వేస్తానని మా ఆవిడ దువ్వెన తెస్తే తల పక్కకు తిప్పుకుంది. అన్నం మళ్ళీ బతిమాలి తినిపించడం మొదలైంది.

ఆమె అడగడం మానెయ్యాలనే గదా నేను కోరుకున్నది. మానేసింది. ఆ తర్వాత ఆమె బీరువాలో అడుగు అర కూడా వేగంగా ఖాళీ అయింది. అంగడి పోయింది, నాయన పోయాడు, పలమనేరు పోయింది. నేను ఎప్పుడు పోయానో సరిగా తెలియలేదు. ఒకరోజు నన్ను, "కూచోండి," అంది.

నాకు వేరే దిగులు పట్టుకుంది. ఆ పిల్లవాణ్ణి చూసినవాళ్ళు లోకంలో ఇక ఎవరూ మిగల్లేదు. ఎత్తుకున్న ఒక్క మనిషి మరిచిపోతే, వాడు పుట్టనే లేదన్నట్టే. నాకు తెలిసిందల్లా ఆ రోజు పాక ముందు ఆమె చెప్పినంతే. ఇంకేమైనా చెబుతుందేమో, ఏడ్చేవాడా, ఎవరి పోలిక, కళ్ళు తెరిచి చూశాడా, ఒక్క ముక్కైనా దొరుకుతుందేమోనని, ఒక మధ్యాహ్నం పెరట్లో ఎండలో ఆమె మంచం మీద కూర్చుని, ఆ మాట నేనే ఎత్తాను.

"మా, బిడ్డ సంగతి చెప్పు మా."

"ఏ బిడ్డ?"

"పలమనేరులో పుట్టినాడే. నల్లోడు. తలనిండా జుట్టు."

అమ్మ ముఖం వెలిగింది. ఎవరింట్లోనో శుభం జరిగిందని ఇప్పుడే వింటున్న పొరుగింటి మనిషిలా నా చెయ్యి పట్టుకుంది.

"అట్లనా! మంచి మాట చెప్తివి నాయనా. తల్లీ బిడ్డా బాగుండారా?"

"బాగుండారు మా," అన్నాను.